పాపం ఆయాదా, మనదా? పుండరీకుడి కథ దగ్గర ఆగిపోయిన ఒక ప్రశ్న



తొలి ఏకాదశి వీడియోలో పుండరీకుడి కథ చెప్పుకున్నాం కదా. సాక్షాత్తు కృష్ణపరమాత్మ గుమ్మం దాకా వస్తే, లోపల తల్లిదండ్రుల కాళ్లు పడుతున్న పుండరీకుడు లేవలేదు. ఒక ఇటుక బయటికి విసిరి, వీళ్ల సేవ అయ్యేదాకా దానిమీద నిలబడమన్నాడు. స్వామికి కోపం రాలేదు, నిలబడ్డాడు. నడుం మీద చేతులు పెట్టుకుని పండరిపురంలో ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఈ కథ 1957లో వచ్చిన ఎన్టీఆర్ 'పాండురంగ మహత్యం' సినిమాతోనే బాగా తెలుసు.

ఆ వీడియో చూసి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. "అన్నా, అమ్మ పోయాక మా అమ్మమ్మని చూసుకునేవాళ్లు లేక హోమ్‌లో పెట్టాం. మీ వీడియో చూసి రాత్రంతా నిద్ర పట్టలేదు. మేం చేసింది పాపమా?"

మూడు వారాలు ఆ అమ్మాయికి జవాబు ఇవ్వలేకపోయాను. ఎందుకంటే వీడియోలో నేను ఒక విషయం దాచాను. మా నాయనమ్మ విషయం. అది చెప్పకుండా ఆ అమ్మాయికి పాపం, పుణ్యం అని పాఠం చెప్పే అర్హత నాకు లేదు. అందుకే ఇవాళ రాస్తున్నాను.

ఎడిటింగ్‌లో తీసేసిన పిలుపు

మా నాయనమ్మ 81వ ఏట బాత్రూంలో జారిపడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ మళ్లీ నడవలేదు. మెల్లగా జ్ఞాపకం కూడా తగ్గిపోయింది. కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లోనే 14 నెలలు ఉంది. చూసుకుంది ఎవరు? మా అమ్మ. ఒక్కతే. అప్పటికి అమ్మకి 58 ఏళ్లు, నడుం నొప్పి. నాన్నకి గుండెలో స్టెంట్ ఉంది, బరువు ఎత్తకూడదన్నారు. నేను? పొద్దున ఆఫీసు, సాయంత్రం ఛానల్.

ఒకరోజు నా గదిలో తలుపేసుకుని మాతృసేవ గురించే వీడియో రికార్డ్ చేస్తున్నాను. పక్క గదిలోంచి నాయనమ్మ "ఒరేయ్, ఎవరైనా రండిరా" అని పిలిచింది. ఆ పిలుపు ఆడియోలో పడింది. నేను లేచి వెళ్లలేదు, అమ్మ ఉంది కదా అనుకున్నాను. తర్వాత ఎడిటింగ్‌లో ఆ నాలుగు సెకన్లు కట్ చేశాను. ఆ వీడియోకి మంచి పేరొచ్చింది.

ఇంకోటి కూడా చెప్పాలి. నిద్రలేక, ఒళ్లు అలిసిపోయి, ఒక తెల్లవారుజామున అమ్మ నాయనమ్మని కసురుకుంది. చెయ్యి కూడా ఎత్తింది. కొట్టలేదు. వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ముప్పై ఏళ్లలో అత్తగారికి ఎదురు మాట్లాడని మనిషి. ఆ రోజే నాన్న, "ఇంక ఇలా కుదరదు, మంచి హోమ్ చూద్దాం" అన్నారు.

చూశాం. ఊరి చివర, చుట్టూ చెట్లు, లోపల చిన్న వెంకటేశ్వరస్వామి గుడి, శనివారం భజన, ఏసీ గదులు, శాకాహారం. నెలకి 28 వేలు. అన్నీ అడిగాం. పూజకి పూలు ఎక్కడినుంచి వస్తాయో కూడా అడిగాం. ఒక్కటి అడగలేదు: రాత్రి రెండింటికి ఈ అంతస్తులో ఎంతమంది మనుషులు మేలుకుని ఉంటారు?

పదకొండో వారం అమ్మ వెళ్లి నాయనమ్మ చీర మారుస్తుంటే, నడుం కింద అరచెయ్యంత పుండు కనిపించింది. లోపలి కండ కనిపిస్తోంది. పడకపుండు, బెడ్‌సోర్ అంటారు. నాన్న పట్టలేని కోపంతో రాత్రి డ్యూటీ ఆయాని పిలిపించి అందరి ముందూ అరిచారు. నేనూ అరిచాను. "జీతం తీసుకుని పడుకుంటావా?" అన్నాను. ఆవిడ శ్రీకాకుళం వైపు మనిషి. తలొంచుకుని ఒక్క మాటే అంది: "నానేటి సేసీది బాబూ, నాకున్నయి రెండు సేతులే గదా."

మేనేజర్ మాకు క్షమాపణ చెప్పి, ఆ సాయంత్రమే ఆవిడని తీసేశాడు. మేం తృప్తిపడ్డాం. న్యాయం జరిగిందనుకున్నాం.

కొత్త ఆయా వచ్చింది. నెల తిరక్కుండా పక్క గదిలో ఒక రిటైర్డ్ మాస్టారికి మడమ మీద అదే పుండు.

ఒక రాత్రి లెక్క

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. చదివిన ఇంజనీరింగ్ దీనికన్నా పనికొచ్చింది.

పడకపుండు ఎందుకు వస్తుంది? కదల్లేని మనిషి ఒకే పక్కకి పడుకుంటే ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగిపోతుంది. అక్కడికి రక్తం అందదు. డైపర్ తడిగా ఉంటే చర్మం నాని ఇంకా త్వరగా చిట్లుతుంది. దీనికి పెద్ద వైద్యం అక్కర్లేదు. సుమారు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, పొడిగా ఉంచాలి, చర్మం చూడాలి. ఎయిర్ బెడ్ వేస్తే సాయమే గానీ, అది మనిషి చేతికి బదులు కాదు.

మా నాయనమ్మ ఉన్న అంతస్తులో 26 మంది పెద్దవాళ్లు. అందులో 12 మంది పూర్తిగా మంచం మీదే. రాత్రి డ్యూటీ ఎనిమిది నుంచి ఎనిమిది, 12 గంటలు. అంటే ఒక్కొక్కరినీ ఆరుసార్లు తిప్పాలి. తిప్పి, డైపర్ చూసి, తుడిచి, దుప్పటి సర్దడానికి పది నిమిషాలు వేసుకుందాం. 12 మంది, ఆరుసార్లు, పది నిమిషాలు. మొత్తం 720 నిమిషాలు. సరిగ్గా 12 గంటలు.

అంటే ఆ ఆయా రాత్రంతా ఒక్క నిమిషం కూర్చోకుండా, నీళ్లు తాగకుండా, బాత్రూంకి వెళ్లకుండా చేస్తే 12 మంది పని అవుతుంది. మిగిలిన 14 మందిలో ఎవరూ రాత్రి బాత్రూంకి లేవకూడదు, ఎవరూ పడిపోకూడదు, ఎవరికీ దగ్గు రాకూడదు. పైగా బరువున్న మనిషిని ఒక్కరే తిప్పితే ఇద్దరికీ ప్రమాదం, ఇద్దరుండాలి. అప్పుడు 24 గంటల పని. ఉన్నది ఒక ఆయా. నర్సు మూడు అంతస్తులకీ కలిపి ఒక్కరు.

ఆవిడ చెప్పింది నిజం. రెండు చేతులే ఉన్నాయి. కుదరని లెక్కని ఆవిడ భుజాల మీద పెట్టి, తప్పిందని ఆవిడనే తిట్టాం.

పుండు ఒక్కటే కాదు. చేతులు తక్కువైతే ఏమేం జరుగుతాయో తర్వాత తెలిసింది. మెల్లగా మింగే ముసలివాళ్లకి అరగంట పట్టే అన్నం ఐదు నిమిషాల్లో పెట్టేస్తారు. అది గొంతుకి అడ్డం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మాటిమాటికీ తీసుకెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచి మంచినీళ్లు తగ్గిస్తారు. లేచి తిరిగేవాళ్లని మంచానికి కడతారు, లేదా మత్తుగా ఉండే మందు వేయిస్తారు. ఇవన్నీ చేసేవాళ్లు రాక్షసులు అనుకుంటాం. చాలాసార్లు వాళ్లు ఒంటరిగా మిగిలిపోయిన మామూలు మనుషులు.

ఆయాకీ నర్సుకీ తేడా కూడా అప్పుడే అర్థమైంది. తిప్పేది ఆయా. కానీ పుండు కాకముందే చర్మం ఒకచోట వేడిగా, గట్టిగా మారుతుంది. మనలాంటి చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు త్వరగా కనిపించదు. వేలితో నొక్కి చూసి, "ఇది మొదలైంది" అని పట్టుకోవడం చదువుకున్న నర్సు పని. ఒకరు చాలక, ఇంకొకరు అందక, మా నాయనమ్మ పుండు వారాలపాటు పెరిగింది.

పిన్ని చెప్పిన మాట

మా బాబాయి వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. పిన్ని అక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో రిజిస్టర్డ్ నర్సు. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ మాత్రం ముసలివాళ్లు, కదల్లేనివాళ్లు ఏళ్లతరబడి ఉండే చోటు. ఫోన్ చేసి, "అమెరికాలో ఇలా జరగదు కదా పిన్నీ" అన్నాను. ఆవిడ నవ్వింది. "ఇక్కడా ఇదే గొడవ నాన్నా. కాకపోతే ఇక్కడ నిమిషాల్లో లెక్కపెట్టి గొడవపడతాం."

ఆ గొడవ ఏమిటో తర్వాత చదివాను. 1987లో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం నర్సింగ్ హోమ్‌లో రిజిస్టర్డ్ నర్సు రోజుకి కనీసం 8 గంటలు ఉండాలి, లైసెన్సున్న నర్సు ఎవరో ఒకరు 24 గంటలూ ఉండాలి, మిగతా సిబ్బంది "చాలినంతమంది" ఉండాలి. చాలినంతమంది అంటే ఎంతమంది? గొడవంతా ఆ మాట దగ్గరే. 2001లో అక్కడి ప్రభుత్వం కోసం చేసిన ఒక పెద్ద అధ్యయనం, దీర్ఘకాలం ఉండేవాళ్లకి రోజుకి ఒక్కొక్కరికి మొత్తం 4.1 గంటల సేవ అందకపోతే నాణ్యత దెబ్బతినే ప్రమాదం ఉందని తేల్చింది. అయినా 2024 దాకా దేశమంతటికీ వర్తించే అంకె రాలేదు. ఆ ఏడాది 3.48 గంటలు అని నిబంధన పెట్టారు. అందులో రిజిస్టర్డ్ నర్సు వాటా 0.55 గంట, అంటే 33 నిమిషాలు. ఆయాల వాటా 2.45 గంటలు. రిజిస్టర్డ్ నర్సు 24 గంటలూ ఉండాలన్నారు. అది దశలవారీగా అమలు కావాల్సి ఉండగానే, హోమ్‌ల యాజమాన్యాలు కోర్టుకెళ్లాయి. పల్లెటూళ్లలో నర్సులు దొరకరు, హోమ్‌లు మూతపడతాయి అన్నాయి. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఒక ఫెడరల్ కోర్టు ఆ లెక్కని కొట్టేసింది. ఆ తర్వాత జులైలో వచ్చిన చట్టం 2034 దాకా దాని అమలుని ఆపేసింది.

ఆస్ట్రేలియా ఇంకో దారిన వెళ్లింది. అక్కడ వృద్ధుల సంరక్షణ మీద 2018లో ఒక రాయల్ కమిషన్ వేశారు. 2019లో అది ఇచ్చిన మధ్యంతర నివేదిక పేరే 'నిర్లక్ష్యం'. ఆ తర్వాత 2023 జులై నుంచి రిజిస్టర్డ్ నర్సు 24 గంటలూ ఉండాలన్నారు. 2024 అక్టోబరు నుంచి ఒక్కొక్కరికి రోజుకి సగటున 215 నిమిషాల సేవ, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సు చేతులమీదుగా అందాలని అంకె పెట్టారు.

మా నాయనమ్మ అంతస్తుని ఇదే కొలతతో కొలిచాను. పగలు ఒక నర్సు, ఇద్దరు ఆయాలు. రాత్రి ఒక ఆయా, నర్సులో మూడో వంతు. మొత్తం 52 గంటలు, 26 మందికి. ఒక్కొక్కరికి రెండు గంటలు. అందులో రాత్రి భాగం 37 నిమిషాలు. పన్నెండు గంటల చీకట్లో 37 నిమిషాలు.

మన దేశంలో 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. చూసుకోవాల్సిన పెద్దవాళ్లని వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా ఉన్నాయి. పేద వృద్ధుల కోసం జిల్లాకి కనీసం ఒకటైనా, 150 మంది పట్టే ఆశ్రమం ఉండాలని కూడా రాశారు. మంచి చట్టమే. కానీ ఒక పెద్దావిడకి రోజుకి ఎన్ని నిమిషాల చేతులు అందాలి అన్న అంకె ఆ చట్టంలో లేదు. వదిలేసిన కొడుకుకి శిక్ష ఉంది. వదిలెయ్యకుండా డబ్బు కట్టినా వదిలేసినట్టే అయిన రాత్రికి మాత్రం కొలత లేదు.

చెయ్యలేని పని తప్పితే అధర్మమా?

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. నాయనమ్మ పుండుకి పాపం ఎవరిది?

మొదట అన్నది ఆయాది అని. కానీ ఒక మనిషికి సాధ్యం కాని పని అప్పగించి, అది తప్పినందుకు దోషి అంటే అది ధర్మం అవుతుందా? చిన్నపిల్లాడి నెత్తిన బస్తా పెట్టి, పడేశాడని కొడతామా? ఆవిడకి ఆ రాత్రి నిజంగా మిగిలిన ఎంపిక ఏమిటంటే, 12 మందిలో ఎవరిని వదిలెయ్యాలి అన్నది ఒక్కటే. అరిచేవాళ్ల దగ్గరకి ముందు వెళ్లింది. మా నాయనమ్మ అప్పటికి అరవడం మానేసింది.

తర్వాత మా మేనత్త అంది, "ఎవరినీ అనుకోకండిరా, అంతా అమ్మ ప్రారబ్ధం." మాకు ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఎవరిదీ తప్పు కాదు, కర్మ.

కానీ నాకు గీత పద్దెనిమిదో అధ్యాయం గుర్తొచ్చింది. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు అంటాడు స్వామి: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. అధిష్ఠానం అంటే శరీరం అని, కరణాలు అంటే ఇంద్రియాలు అని ఆచార్యులు చెబుతారు. ఆ అర్థాన్ని కాదనడం లేదు. నేను నా బతుక్కి అన్వయించుకుంటున్నాను, అంతే. అధిష్ఠానం ఆ హోమ్. కర్త ఆయా. కరణాలు ఎన్ని చేతులు, ఎన్ని ఎయిర్ బెడ్‌లు, ఎంతమంది నర్సులు. చేష్టలు రెండు గంటలకోసారి తిప్పడం, తుడవడం, చూడడం. ఇవన్నీ అయ్యాక దైవం.

మేం చేసిన తప్పు ఇదీ. ఐదింటిలో కర్తని ఒక్కదాన్నే చూసి ఆయాని తిట్టాం. ఆ తిట్టు పనిచెయ్యకపోతే, మధ్యలో రెండూ దాటేసి నేరుగా ఐదోదాని దగ్గరకి దూకి ప్రారబ్ధం అన్నాం. తానొక్కడే చేశాడని చూసేవాడు సరిగ్గా చూడనట్టే అని కూడా ఆ అధ్యాయంలోనే వస్తుంది. మొదటి నాలుగూ లెక్కపెట్టకుండా ఐదోదాని పేరెత్తే హక్కు మనకి లేదని నేను నమ్ముతున్నాను. కర్మ సిద్ధాంతం మనం చెయ్యాల్సింది చేశాక ఓదార్పు కోసం. చెయ్యకపోవడానికి సాకు కోసం కాదు.

అలా లెక్కపెడితే పాపం వాటాలుగా పడుతుంది. అంతమందిని ఒక్క ఆయా మీద పెట్టి, "24 గంటల నర్సింగ్ కేర్" అని బోర్డు రాసిన యాజమాన్యానికి పెద్ద వాటా. నిమిషాల లెక్క అడగని ప్రభుత్వానికి కొంత. గుడి చూసి, పూలు చూసి, మనుషుల్ని లెక్కపెట్టని మాకు కొంత. ఆయాకి? బహుశా, చెప్పకుండా ఊరుకున్నంత. చెబితే ఉద్యోగం పోతుందని ఊరుకుంది. చెప్పకపోయినా పోయింది.

ఇంట్లోనే ఉంచుకుంటే సరిపోయేదా?

మీలో చాలామంది ఇప్పుడు అనుకుంటూ ఉంటారు, అసలు హోమ్‌లో పెట్టడమే తప్పు కదా అని. శ్రవణకుమారుడు కావడిలో మోశాడు, మనం మొయ్యలేమా?

ఆ కథని ఒకసారి ఆగి చూడండి. కళ్లు కనిపించని ఇద్దరు ముసలివాళ్లకి ఒకే ఒక్క కొడుకు. రాత్రివేళ నీళ్ల కోసం అతను ఒక్కడే వెళ్లాడు. దశరథుడి బాణం తగిలి అక్కడే పడిపోయాడు. ఇక్కడ ఆ తల్లిదండ్రులు దాహంతో ఎదురుచూస్తూ ఉన్నారు. అతను పోయాక వాళ్లూ ప్రాణాలు విడిచారు. ఆ కొడుకు భక్తిలో ఏ లోటూ లేదు. లోటు ఒక్కటే, అతని తర్వాత ఇంకొకరు లేరు. ఎంత గొప్ప ప్రేమైనా ఒక్క మనిషి మీదే నిలబడితే, ఆ మనిషి పడిన క్షణం అన్నీ పడిపోతాయి.

మా అమ్మ కూడా అలాంటి ఒంటరి మనిషే. మా ఇంట్లో నాయనమ్మకి ఒకరికి ఒకరు ఉన్నారు, నిజమే. కానీ ఆ ఒకరికి షిఫ్ట్ మారదు, వారానికో సెలవు లేదు, జీతం లేదు. చెయ్యెత్తిన ఆ తెల్లవారుజామున మా అమ్మ చెడ్డది అయిపోలేదు. ఆయా ఎక్కడ నిలబడిందో మా అమ్మా అక్కడే నిలబడింది. తేడా ఏమిటంటే అమ్మని ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. ఈ మాట ముఖ్యంగా అబ్బాయిలకి చెబుతున్నాను. "మా ఇంట్లో పెద్దవాళ్లని మేమే చూసుకుంటాం" అని గర్వంగా అనేముందు, ఆ "మేము" అన్న మాటలో ఎన్ని చేతులున్నాయో, అవి ఎవరివో లెక్కపెట్టండి. మా ఇంట్లో ఆ లెక్కలో నా చేతులు లేవు. అవి మైకు పట్టుకుని ఉన్నాయి.

కాబట్టి ఇల్లా, హోమా అన్నది రెండో ప్రశ్న. పిలిస్తే పలికే మనిషి ఉన్నారా, ఆ మనిషికి ఇంకో మనిషి తోడున్నారా అన్నది మొదటి ప్రశ్న.

సంఖ్య ఉంటే ప్రేమ వస్తుందా?

రాదు. ఇది ఒప్పుకోవాలి. పదిమంది సిబ్బందిని పెట్టి, పదిమందీ ఫోన్‌లు చూసుకుంటూ కూర్చున్న చోట్లు కూడా ఉంటాయి. పిన్ని కూడా ఇదే అంది. "సంఖ్య ఒక్కటే చాలదు నాన్నా. ఆరు నెలలకోసారి మనుషులు మారిపోతుంటే, ఈ ముసలాయన ఎడమపక్కకి తిరిగితేనే నిద్రపోతాడు అన్నది ఎవరికి తెలుస్తుంది?" శిక్షణ కావాలి, పాత మనుషులు నిలబడాలి, పైన మంచి నర్సు ఉండాలి.

కానీ ప్రేమ ఉన్న మనిషికి కూడా ప్రేమించడానికి టైం కావాలి కదండీ. దేవుడికి నైవేద్యం పెట్టేటప్పుడు భక్తి ముఖ్యం అంటాం. అలాగని పొయ్యి వెలిగించకుండా ఉంటామా? సంఖ్య పొయ్యి లాంటిది. అది వంట కాదు, కానీ అది లేకుండా వంట లేదు.

మరి ఖర్చు? అదీ న్యాయమైన ప్రశ్నే. నర్సులు దొరకడం కూడా కష్టమే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన అమ్మాయిలకి శిక్షణ ఇచ్చి జర్మనీ, జపాన్‌లకి నర్సులుగా పంపిస్తోంది. అక్కడ ముసలివాళ్లు ఎక్కువ, జీతం ఎక్కువ. వెళ్లే అమ్మాయిల్ని తప్పుపట్టలేం. ఇక్కడ ఉంచుకోవాలంటే ఇక్కడ జీతం పెరగాలి.

అయినా ఒక చిన్న లెక్క చెబుతాను. ఆ అంతస్తులో రాత్రికి ఇంకో ఆయాని పెడితే, వారం సెలవులకి బదులు మనిషితో సహా నెలకి 18 వేలు అనుకుందాం. 26 మందికి పంచితే ఒక్కొక్కరికి ఏడు వందలు కూడా రాదు. మేం 28 వేలు కడుతున్నాం. అడిగితే ఇంకో ఏడు వందలు ఇచ్చేవాళ్లం కాదా? మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. ఆ రెండు మౌనాల మధ్య నాయనమ్మ పడుకుని ఉంది.

పుట్టినరోజులకి మనం వృద్ధాశ్రమాలకి వెళ్లి అన్నదానం చేస్తాం. మంచిదే, నేనూ చేశాను, ఫోటోలు కూడా పెట్టాను. కొన్ని ఆశ్రమాల్లో ఆదివారం మూడేసి భోజనాలు వస్తాయి. రాత్రి ఆయా జీతానికి మాత్రం ఎవరూ రారు. అందులో ఫోటో రాదు మరి. ఈసారి మీ పుట్టినరోజుకి నలుగురు స్నేహితులు కలిసి ఒక పేద ఆశ్రమంలో ఒక నెల రాత్రి ఆయా జీతం ఇచ్చి చూడండి. అదీ సేవే. నా దృష్టిలో అది అన్నదానానికి ఏమాత్రం తీసిపోదు.

ఆ అమ్మాయికి నా జవాబు

అమ్మా, అమ్మమ్మని హోమ్‌లో పెట్టడం పాపం కాదు. పెట్టి లెక్కపెట్టకపోవడంలో పాపం ఉంది. నేను చేసింది అదే. నువ్వు చెయ్యకు.

ఈ శనివారం వెళ్లు. పగలు కాదు, రాత్రి తొమ్మిది తర్వాత వెళ్లు. ఎంతమంది పెద్దవాళ్లు, వాళ్లలో ఎంతమంది మంచం మీదే, రాత్రికి ఆయాలు ఎంతమంది, నర్సు ఎక్కడ ఉంటుంది అని అడుగు. పక్కకి తిప్పిన టైం రాసే చార్ట్ చూపించమను. అన్ని గడులూ ఒకే పెన్నుతో ఒకేసారి నింపినట్టుంటే నీకే తెలుస్తుంది. అమ్మమ్మ మడమలు, నడుం కింద, తుంటి పక్కలు నీ కళ్లతో చూడు. సిగ్గుపడకు, చిన్నప్పుడు నిన్ను ఆవిడ అలాగే చూసి ఉంటుంది. ఆయాని పేరుతో పలకరించు, అక్కడ ఎన్నాళ్ల నుంచి చేస్తోందో అడుగు. మిగతా కుటుంబాలతో మాట్లాడు. ఒక్కరు అడిగితే గొడవ అంటారు, పదిమంది అడిగితే మనిషిని పెడతారు. ఎక్కడైనా పెద్దవాళ్లని హింసిస్తున్నారని, గాలికొదిలేశారని తెలిస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. అది ఉచితం.

మా నాయనమ్మని వేరే చోటికి మార్చాం. అక్కడ గుడి లేదు, తోట లేదు. రాత్రికి పదిమందికి ఇద్దరు ఉండేవాళ్లు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత ఏడాదికి, కార్తీకంలో, నిద్రలో వెళ్లిపోయింది. శనివారాలు రాత్రి నేను అక్కడే ఉండి తిప్పడం నేర్చుకున్నాను. మొదటిసారి తిప్పినప్పుడు పావుగంట పట్టింది.

ఆ పాత ఆయా నంబరు వాచ్‌మన్ దగ్గర సంపాదించి ఫోన్ చేశాను. క్షమించమని అడగాలనుకున్నాను. నేనెవరో చెప్పగానే, "మామ్మగారు బావున్నారా బాబూ?" అంది. బావున్నారు అన్నాను. ఇప్పుడెక్కడ చేస్తున్నావు అంటే, ఇంకో హోమ్ పేరు చెప్పి, "ఇక్కడ ముప్పై మంది బాబూ" అంది. లోపలినుంచి ఎవరో పిలుస్తున్నారు. "ఉండమ్మా, వస్తన్నాను" అని వాళ్లతో అని, ఫోన్ పెట్టేసింది. నేను అడగాలనుకున్నది అడగలేదు.

పుండరీకుడు చెప్పింది కూడా అదే మాట కదా, ఉండు, వస్తాను అని. కాకపోతే ఆయన స్వామిని ఆగమన్నాడు, అమ్మానాన్నలని కాదు. మన హోమ్‌లలో, మన ఇళ్లలో, ఆ ఇటుక మీద నిలబడి ఎదురుచూస్తున్నది ముసలివాళ్లు. వాళ్లు స్వామి కాదు, అంతసేపు నిలబడలేరు.

వచ్చే వారం వీడియో ఉండదు. శనివారం రాత్రి నాకు డ్యూటీ ఉంది, నాయనమ్మ ఉన్న చోటే. ఇప్పుడు అక్కడ వేరే మామ్మ ఉంది.

మళ్లీ కలుద్దాం. పాండురంగ విఠల.